ఈశాన్యం వాలు

జూన్ 8, ఆదివారం

మూరెడు దూరం. మూరెడంటే మూరెడే. చంటిపిల్లాడు పాకుతూ వచ్చి తోసినా హోల్లో పడాల్సిన బంతి. గోల్ఫ్ కర్ర, అదే పట్టర్, వెనక్కి తీసినంతసేపూ బాగానే ఉంది. తీరా బంతిని తాకే క్షణంలో కుడిచెయ్యి ఒక్క ఉలుకు ఉలికింది. బంతి హోల్ పక్కనుంచి జారిపోయింది. ఆట ఆఖర్లో, పద్దెనిమిదో హోల్ చుట్టూ ఉండే గ్రీన్ మీద, నలుగురి ముందు.

నాతో జోడీగా ఆడిన కొండబాబు బంతి ఏరి నా చేతికిచ్చాడు. విశాఖపట్నం నుంచి తిరిగొస్తూ తాళ్ళపాలెం జంక్షన్‌లో టీకి ఆగినప్పుడు, "ఒగ్గీండి డాక్టరుగారూ, బంతాటే గదా" అన్నాడు. జీడిపిక్కల వ్యాపారం, నర్సీపట్నంలో కల్యాణమండపం ఉన్నవాడికి అది బంతాటే. నేను టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని తాగాను.

ఇది చేతి జబ్బు కాదు. గోల్ఫ్ ఆడేవాళ్ళలో చాలామందికి పట్ కొట్టేటప్పుడు, అంటే బంతిని హోల్లోకి దొర్లించేటప్పుడు, ఇలా అవుతుందట. పెద్ద పెద్ద ఆటగాళ్ళకే అయిందట. టెక్నిక్‌లో ఎక్కడో తప్పుంటుంది, అది సరిచేసుకుంటే పోతుంది. అంటే పట్ సరైతే చెయ్యి బాగున్నట్టే. రేపటి నుంచి రోజూ డాబా మీద సాధన చేస్తాను. ఎంతవరకూ వచ్చిందో రాసుకోవడానికి ఈ డైరీ. మందుల కంపెనీ కుర్రాడు జనవరిలో ఇచ్చి వెళ్ళాడు, ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

క్లినిక్‌లో ఏమీ లేదు. అది కూడా రాసిపెట్టుకోవాలి. పళ్ళు పీకేటప్పుడు, సిమెంటు నింపేటప్పుడు నా చెయ్యి బాగానే ఉంది.


జూన్ 10, మంగళవారం

డాబా మీద ఆకుపచ్చ చాప పరిచాను. పెళ్ళిళ్ళలో స్టేజీ ముందు వేసే ప్లాస్టిక్ గడ్డి, కొండబాబు పంపాడు. దక్షిణం పిట్టగోడ దగ్గర నేను. ఉత్తరం చివర పక్కకి పడుకోబెట్టిన స్టీలు గ్లాసు. మధ్యలో బంతి దూరేంత సందు వదిలి రెండు పళ్ళ అచ్చులు పెట్టాను, పై దవడ ఒకటి, కింది దవడ ఒకటి. క్లినిక్ అలమరాలో ఏనాటి నుంచో పడి ఉన్న ప్లాస్టర్ అచ్చులు.

మా ఆవిడ ఈశ్వరి ఊరమిరపకాయలు ఆరబెట్టడానికి పైకొచ్చింది.

"ఎవరి పళ్ళండీ అవి?"

"గుర్తులేదు."

"మీకు గుర్తులేని పళ్ళు కూడా ఉన్నాయేటి?" అంది. హాస్యానికే అంది. తర్వాత నా చేతుల వైపు చూసింది, మిరపకాయల వైపు తిరిగిపోయింది.


జూన్ 13, శుక్రవారం

వీడియోలో కోచ్ చెప్పినవి. కళ్ళు సరిగ్గా బంతి మీదకి ఉండాలి. మణికట్లు కదలకూడదు, భుజాలు ఊగితే వాటితోపాటు పట్టర్ ఊగాలి. వెనక్కి ఎంత తీస్తామో ముందుకీ అంతే. కొట్టాక తల ఎత్తకూడదు, బంతి పడిందో లేదో చెవితో తెలుసుకోవాలి.

పట్టు మాత్రం నేనే కనిపెట్టాను. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాన్ని ఎంత తేలిగ్గా పట్టుకుంటామో పట్టర్‌నీ అంతే తేలిగ్గా పట్టుకోవాలి. అలా పట్టుకోవడం ఈ ఊళ్ళో నాకంటే బాగా ఎవడికి తెలుసు? కాలేజీలో మా ప్రొఫెసరు నా చెయ్యి చూపించి మిగతావాళ్ళని తిట్టేవాడు.

దవడల మధ్య నుంచి బంతి బాగానే దూరుతోంది. గ్లాసు దగ్గరికి వెళ్ళేసరికి కుడివైపు పోతోంది.


జూన్ 14

కుడివైపే.


జూన్ 18, బుధవారం

కొత్త పట్టర్ తెప్పించాను. పిడి లావుగా ఉంటుంది, వేళ్ళకి పని తక్కువ, కాబట్టి ఉలుకు ఉండదు అని రాశాడు అమ్మేవాడు. పార్సిల్ విప్పుతుంటే ఈశ్వరి, "ఆడలేక మద్దెల ఓడు అన్నారట" అంది. లెక్కల టీచరు గానీ సామెతలకు లోటు లేదు. నాకు ఒళ్ళు మండింది. "స్కూల్లో పిల్లలకి చెప్పుకో నీ సామెతలు" అన్నాను. మాకవరపాలెం బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

పొద్దున్న టిఫినప్పుడు ఉప్మాలో జీడిపప్పులన్నీ ఏరి నా ప్లేట్లో వేసింది. ఈమధ్య కాఫీ చల్లారబెట్టుకుని తాగుతోంది. గాస్ట్రిక్ అట. యాభై దాటాక అన్నీ మొదలవుతాయి.


జూన్ 21, శనివారం

ఈశ్వరికి యలమంచిలిలో ట్రైనింగ్. సాయంత్రం వచ్చింది. మాట కాస్త ముద్దగా ఉంది. ఏమిటంటే బస్సులో నిద్రపోయానంది. అన్నం వద్దంది. నేను ఒక్కడినే తినేసి డాబా ఎక్కాను.

గ్లాసుకు కొంచెం ఎడమవైపు గురిపెట్టి కొడితే పడుతోంది. వరసగా పడ్డాయి. టెక్నిక్ దారికొస్తోంది.


జూన్ 26

ఎడమ చెయ్యి కిందకి, కుడి చెయ్యి పైకి మార్చి పట్టుకుంటున్నాను. అలా పట్టుకుంటే కుడిచేతికి పెత్తనం ఉండదు. ఎడమకి గురి. సగానికి పైగా పడుతున్నాయి. ఇంకేం కావాలి?

క్లినిక్‌లో ఏమీ లేదు. రెండు పళ్ళు పీకాను, ఏమీ లేదు.


జూన్ 29, ఆదివారం

గోల్ఫ్ మైదానంలో అన్నీ ఎడమవైపు పోయాయి. ఒక్కటంటే ఒక్కటి కుడికి పోలేదు. డాబా మీద కుడికి పోయేవి అక్కడ ఎడమకి పోవడమేమిటి? కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

తిరిగి వచ్చేటప్పుడు కారు కొండబాబు నడిపాడు. ఎప్పుడూ నేనే నడుపుతాను. తాళం ఇమ్మన్నాడు, ఇచ్చాను.


జూలై 3, గురువారం

ఇవాళ క్లినిక్‌లో ఒకటి జరిగింది. రాసి పడుకుంటాను.

మాకవరపాలెం నుంచి అప్పలకొండ అని ఒకతను వచ్చాడు, ఆటో నడుపుతాడు. కింది దవడ పన్ను పుచ్చింది. మిషన్‌తో పుచ్చు తీస్తున్నాను. కదిలాడు. మిషన్ సూది జారి బుగ్గ లోపల కోసింది. రక్తం బాగానే వచ్చింది. గున్నమ్మ దూది పెట్టి నొక్కింది, నేను రెండు కుట్లు వేశాను. గున్నమ్మ నా దగ్గర పనిలో చేరినప్పుడు ఆమె కొడుకు నడకైనా రాని పిల్లాడు, ఇప్పుడు వాడికి పెళ్ళీడు. ఇలాంటివి ఎన్నో చూసింది.

"కదలొద్దని చెప్పానా లేదా?" అని కేకలేశాను.

అప్పలకొండ నోటినిండా దూదితో చేతులు జోడించాడు. "తప్పయిపోనాది బాబూ. కదిలిపోనాను గావాల" అన్నాడు.

డబ్బు తీసుకోలేదు. మందులు నేనే ఇచ్చాను.


జూలై 4

అతను కదిలాడు. కుర్చీలో వాళ్ళు కదలడం కొత్తేమీ కాదు.


జూలై 5, శనివారం

కదిలానని అతనే అన్నాడు కదా.

ఈశ్వరికి మళ్ళీ యలమంచిలిలో ట్రైనింగ్. శనివారం శనివారం ఏం నేర్పుతున్నారో.


జూలై 8, మంగళవారం

క్లినిక్ వెలవెలబోతోంది. వానల్లో జనం రారు, ఊడ్పులు కూడా కదా. కానీ ఇవాళ చెయ్యి కడుక్కుని బయటికి వస్తుంటే గున్నమ్మ మాట వినబడింది. ఎవరో పన్ను పీకించుకోవడానికి వచ్చారు. "డాక్టరు బాబుకి ఒంట్లో బావులేదు, రేపెప్పుడైనా రండి" అని పంపేస్తోంది.

నిలదీశాను. "నాకు ఒంట్లో బాగాలేదని నీకెవరు చెప్పారు?"

తల వంచుకుని నిలబడింది. చివరికి, "మీరు తిట్టండి బాబూ, నాను పడతాను" అంది. ఇంక ఏం తిట్టేది?


జూలై 11, శుక్రవారం

ఇవాళ వాన నా నెత్తిన పాలు పోసింది.

మధ్యాహ్నం ఒక్కసారిగా కురిసింది. చాప తడుస్తుందని పరుగెత్తుకుంటూ పైకెళ్ళి చుట్టాను. గొడుగు లేదు, మెట్ల గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. డాబా మీద నీళ్ళు ఒక్క చోట కూడా నిలవడం లేదు. అన్నీ కలిసికట్టుగా ఒక మూలకే పోతున్నాయి. ఈశాన్యం మూలకి.

బుద్ధి ఉండొద్దూ మనిషికి? ఈ ఇల్లు కట్టినప్పుడు సిద్ధాంతిగారు చెప్పారని, నీళ్ళు ఈశాన్యానికే పోవాలని, మేస్త్రీతో రోజంతా దెబ్బలాడి ఆ వాలు పెట్టించింది నేనే. వేసిన డాబా మీద మళ్ళీ సిమెంటు పోయించాను. నర్సీపట్నంలో ఏ డాబా చూసినా, ఏ పెరడు చూసినా ఆ మూలకే వాలు ఉంటుంది. ఇంటి యజమానిగా ఆ వాలు నాకు తెలుసు, గోల్ఫ్ ఆడేవాడిగా తెలియలేదు. దక్షిణం నుంచి ఉత్తరానికి కొడుతున్నాను. తూర్పు నాకు కుడివైపు. బంతి కుడికి పోక ఎక్కడికి పోతుంది? ఆ వాలుకు సరిపడా ఎడమకి కొట్టడం నేర్చుకున్నాను. చదునైన గ్రీన్ మీదకి వెళ్ళాక అదే అలవాటు నన్ను ఎడమకి తోసింది.

చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు. నెల రోజులుగా నా చేతిని నేనే అనుమానించాను. నాకు ఏడుపొచ్చింది. వానలో తడుస్తూ డాబా మీదకి వెళ్ళి నిలబడ్డాను, ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకునేవారు.

ఈశ్వరి స్కూలు నుంచి రాగానే చెప్పాను. మెట్లెక్కించి నీళ్ళు పోసి మరీ చూపించాను. చాలాసేపు ఆ మూల వైపే చూసింది.

"మంచిదేనండీ" అంది.

"అంతేనా?"

"ఇంకేటి అనాలి? వాలే అయితే అంతకంటే కావాల్సిందేముంది నాకు."


జూలై 16, బుధవారం

కొండబాబు కల్యాణమండపంలో ఆషాఢం అని పెళ్ళిళ్ళు లేవు, హాలంతా ఖాళీ. పాలరాయి పరిచిన నేల. మేస్త్రీలు వాడే మట్టంబద్ద ఒకటి తెప్పించి నాలుగు చోట్లా పెట్టి చూశాం. గాజు గొట్టంలో బుడగ ఎక్కడ పెట్టినా నడిమధ్యనే ఉంది. అద్దంలాంటి చదును. దాని మీద చాప పరిచి, దవడలు పెట్టి, గ్లాసు పెట్టాను.

కొండబాబు గ్లాసు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మొదటిది పడింది. "అద్గదీ" అన్నాడు.

రెండోది ఎడమకి పోయింది. మూడోది కుడికి. ఆ తర్వాతది దవడకి తగిలి ఆగిపోయింది. పట్టు మార్చాను. పాత పట్టర్ తీసుకున్నాను. ఊపిరి బిగబట్టి కొట్టాను, వదులుతూ కొట్టాను. కళ్ళు మూసుకుని కూడా కొట్టాను. ఒకటి కుడికి పోతే ఒకటి ఎడమకి పోతోంది. ఒకసారి కుడిచెయ్యి దానంతటదే ఊగి, నేను కొట్టకుండానే బంతి కదిలింది.

కొండబాబు లేచి ఒక్కొక్క బంతే ఏరి సంచీలో వేస్తున్నాడు. నా వైపు చూడకుండా, "మా హాలు కూడా ఈశాన్యానికి వాలుంటాది డాక్టరుగారూ. మా నాన్నా సిద్ధాంతి మాట దాటీవోడు కాదు" అన్నాడు.

మట్టంబద్ద నా కాళ్ళ దగ్గరే ఉంది. బుడగ మధ్యలోనే ఉంది. వంగి దాన్ని బోర్లా తిప్పి పెట్టాను.


జూలై 17

రాయడానికేమీ లేదు.


జూలై 19

చాప డాబా మీదకి తేలేదు. కొండబాబు దగ్గరే ఉంది.


జూలై 22, మంగళవారం

రాత్రి భోజనాల దగ్గర టీవీలో ఏదో చూసి ఈశ్వరి నవ్వింది. నోరంతా తెరిచి నవ్వడం చాలా రోజుల తర్వాత. కింద ఎడమవైపు, మొదటి దవడ పన్ను. తెల్లటి క్యాప్.

అది నేను వేసింది కాదు.

ఆ నోట్లో ప్రతి పన్నూ నాకు తెలుసు. పెళ్ళయిన ఏడాదే పై దవడలో వెండి సిమెంటు నింపింది నేను, తర్వాత అది తీసి తెల్లది వేసింది నేను, జ్ఞానదంతం తీసింది నేను. ఆ నోట్లో ఇంకొకడి పని కనబడింది.

"ఎవరు వేశారు?"

నవ్వు ఆగిపోయింది. ఎడమ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"యలమంచిలిలో ఒక కుర్రాడున్నాడు. ధర్మతేజ అని. కొత్తగా పెట్టాడు."

"ట్రైనింగ్ అన్నావు."

"అబద్ధం చెప్పాను."

"నొప్పి ఎప్పటి నుంచి?"

"వేసవి సెలవులకి ముందు నుంచి."

అంటే మూడు నెలల పైమాట. మూడు నెలలు ఒక పక్కనే నమిలింది, కాఫీ చల్లార్చుకుంది, మాత్రలు మింగింది. ఎదురుగా కూర్చుని తింటున్న పళ్ళ డాక్టరు చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

ఆమె అరవలేదు. "చెబితే నేనే చేస్తానంటారు. వద్దనాలి. ఎందుకు వద్దన్నానో చెప్పాలి. పొద్దున్నే మీరు పేపరు చదువుతుంటే వంటింట్లోకి వినబడుతుందండీ ఆ కాగితం చప్పుడు. ఫ్యానుగాలికి అనుకున్నాను కొన్నాళ్ళు. ఒకరోజు ఫ్యాను కట్టేసి చూశాను" అంది.

పళ్ళెం తోసేసి లేచాను. ఇది రాస్తున్నంతసేపూ ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతూనే ఉంది. అన్ని గిన్నెలు మా ఇంట్లో లేవు.


జూలై 23

మాట్లాడలేదు.


జూలై 24

మాట్లాడలేదు. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పరిస్థితి. కోపం ఆమె మీద అనుకుంటున్నాను గానీ, ఆమె మీద కాదు.

అప్పలకొండ కదల్లేదు.


జూలై 25, శుక్రవారం

పొద్దున్న ఈశ్వరి జడ వేసుకుంటుంటే వెళ్ళి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను.

"నోరు తెరు" అన్నాను.

భయపడింది. నా ఈశ్వరి నన్ను చూసి భయపడింది. "చూస్తాను అంతే. ముట్టుకోను" అన్నాను. టార్చి ఎడమచేత్తో పట్టుకుని చూశాను. అంచు ఎక్కడా లేచి లేదు. చిగురు గులాబీరంగులో ఉంది. పై పన్నుతో ఎంత తగలాలో అంతే తగులుతోంది.

"బాగా చేశాడు" అన్నాను.

"నిజంగానా?"

"నేనైనా ఇంతకంటే బాగా చెయ్యను."

అప్పుడు ఏడ్చింది. జడ సగంలో వదిలేసి నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. నా చెయ్యి ఆమె వీపు మీద ఉంది. ఊగుతోంది. ఇద్దరికీ తెలుస్తోంది. తీయలేదు.

"విశాఖపట్నం వెళ్దాం. నరాల డాక్టరు దగ్గరికి" అన్నాను.


ఆగస్టు 5, మంగళవారం

డాక్టరు నాకంటే చిన్నవాడు. ముందు వరండాలో నడవమన్నాడు. నడిచి వచ్చాను. "కుడిచెయ్యి ఊగడం లేదు, గమనించారా?" అన్నాడు. ఇన్ని నెలలూ ఊగకూడని చోట ఊగుతోందని బాధపడ్డాను. ఊగాల్సిన చోట ఊగడం లేదని ఎవడు చూశాడు?

బొటనవేలూ చూపుడువేలూ తాటించమన్నాడు. మొదట బాగానే తాటించాను, పోనుపోను వేళ్ళు తెరుచుకోలేదు. తెల్ల కాగితం ఇచ్చి ఏదైనా రాయమన్నాడు. నా పేరు జగదీశ్వరరావు, మాది నర్సీపట్నం అని రాశాను. మళ్ళీ రాయమన్నాడు, మళ్ళీ అన్నాడు. కిందకి వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలంత అయ్యాయి. కాగితం ఈశ్వరి వైపు తిప్పాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

పార్కిన్సన్స్ అన్నాడు. మొదటి దశ. మందులున్నాయి, చాలా ఏళ్ళు మామూలుగా బతకొచ్చు. వ్యాయామం మానొద్దు.

"ఏం చేస్తుంటారు?" అని అప్పుడు అడిగాడు.

"పళ్ళ డాక్టర్ని."

పెన్ను కింద పెట్టాడు. ఆటలేమైనా ఆడతారా అన్నాడు. గోల్ఫ్ అన్నాను. "చాలా మంచిది. అది ఆపకండి. పట్టింగ్ సాధన చెయ్యండి, చేతికీ కంటికీ మంచిది" అన్నాడు.

నాకు గోల్ఫ్ అక్కర్లేదు. ఆ మాట ఆయనతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. బంతి ఏ మూలకి పోతే నాకేం. నాకు నా కుర్చీ కావాలి, నా లైటు కావాలి, నోరు తెరిచి నా వైపు చూసే మనిషి కావాలి. పట్ బాగుచేసుకుంటే ఆ కుర్చీ నాకు నిలబడుతుందనుకున్నాను. పట్ ఉంచుకోమని అది తీసేసుకున్నారు.


ఆగస్టు 6

మాత్ర వేసుకున్నాను. వికారంగా ఉంది.


ఆగస్టు 12, మంగళవారం

యలమంచిలి వెళ్ళాను. అప్పలకొండ ఆటో మాట్లాడుకున్నాను, కావాలనే అతన్ని మాట్లాడుకున్నాను. ఊరు దాటాక చెప్పాను.

"ఆ రోజు నువ్వు కదల్లేదు. నా చెయ్యి జారింది. నాకు జబ్బు చేసింది."

ఆటో నెమ్మదించింది. అద్దంలో నన్ను చూశాడు. "మరి నాను కదిలిపోనానని ఇంట్లో అందరికీ సెప్పీసినాను బాబూ. మా ఆడది ఇప్పటికీ తిడతంది, కుదురుగా కూకోలేవేటని."

"నేను చెప్పానని చెప్పు."

"అలాగే సెప్తాను" అన్నాడు. నేను దిగేటప్పుడు, "బుగ్గ మానిపోనాది" అన్నాడు. ముఖంలో కోపం ఉంది, ఉండాలి కూడా.

ధర్మతేజ నన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. పాపం, దెబ్బలాటకి వచ్చాననుకున్నాడు. "సార్, మేడమ్ మీకు చెప్పొద్దన్నారు, లేకపోతే నేనే మీకు..." అని నసుగుతున్నాడు. కూర్చోబెట్టాను. ఆ క్యాప్ బాగుందన్నాను. వారంలో మూడు రోజులు నర్సీపట్నం రమ్మన్నాను. క్లినిక్ నాది, చెయ్యి అతనిది.

"మీరుండగా నేను చెయ్యడం..." అన్నాడు.

"నేనుంటాను. చెయ్యను" అన్నాను.

ఆ మాట అనేసి బయటికి వచ్చి సోడాబండి దగ్గర నిలబడ్డాను. సోడా తాగలేకపోయాను.


ఆగస్టు 25, సోమవారం

ధర్మతేజ మొదటి రోజు. పొద్దున్నే గున్నమ్మ ట్రేలో పరికరాలు అన్నీ సర్దింది. అలవాటుగా స్టూలుకి కుడిపక్క పెట్టింది. కుర్రాడు ఎడమచేతి వాటం. ట్రే ఎత్తి అటువైపు పెట్టేటప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకుంది, నేను చూడనట్టు కాగితాలు తిరగేశాను.

మొదటగా వచ్చినావిడ గొలుగొండ నుంచి అచ్చియమ్మ. డెబ్బై పైనే ఉంటాయి. కింద పన్ను ఒకటి కదిలిపోయి చీము పట్టింది. చీము మందులతో తగ్గించుకుని ఇవాళ పీకించుకోవడానికి వచ్చింది. నోట్లో ఇంజక్షన్ ఎప్పుడూ చేయించుకోలేదట. ధర్మతేజ సిరంజి తీసుకోగానే రెండు చేతులూ అడ్డం పెట్టేసింది. కుర్రాడికి చెమటలు పట్టాయి. నా వైపు చూశాడు.

నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. ఎక్కడ నిలబడాలో పొద్దుటి నుంచి తెలియడం లేదు. ముందుకి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. "ఏమీ కాదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అన్నాను. ఆమె చప్పున నా చెయ్యి పట్టేసుకుంది. కుడిచెయ్యి. గట్టి పట్టు, చెరుకు నరికిన చెయ్యి అది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"ఏటి బాబూ, నీ సెయ్యి ఇలగ వొణికిపోతంది?"

గది నిండా మనుషులు. ఆమె కూతురు, గుమ్మంలో ఇంకో ఇద్దరు, గున్నమ్మ, సిరంజి పట్టుకున్న ధర్మతేజ. చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. కాఫీ ఎక్కువైంది. రాత్రి నిద్ర లేదు. నువ్వే కదిలిస్తున్నావు.

"బయవేస్తందేటి నీకు?" అంది.

"అవునమ్మా. భయంగా ఉంది" అన్నాను.

ఎవరికీ చెప్పలేదు ఆ మాట. ఈశ్వరికీ చెప్పలేదు, ఇందులోనూ ఎక్కడా రాయలేదు. చిన్నగానే అన్నాను, ఐనా అందరికీ వినబడింది.

అచ్చియమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పీకీది నా పన్ను గదా, నీకెందుకు బాబూ బయం. నన్నట్టుకో. బేగి అయిపోద్ది" అంది. నా చేతిని రెండు చేతులతో పట్టుకుని పొట్ట మీద పెట్టుకుని, ధర్మతేజ వైపు తిరిగి నోరు తెరిచింది.

కుర్రాడు నా మాట కోసం ఆగాడు. "కానియ్యి" అన్నాను.

ఇంజక్షన్ చేశాడు. పన్ను కదిపాడు, తీశాడు. నిదానంగా, నొప్పి లేకుండా, ఎక్కడా తొందర లేకుండా తీశాడు. ట్రేలో పన్ను పడిన చప్పుడయింది. గున్నమ్మ దూది పెట్టింది. అచ్చియమ్మ దూది కొరికి పట్టుకుని నా చెయ్యి వదిలేసింది. నేనే ఇంకా పట్టుకుని ఉన్నాను.